ఒక్క పల్లవి తీయండి చాలు: వైజాగ్‌లో ప్రాక్టీసు మ్యూజిక్ వీడియో

మేం ఐదుగురం. రెండు ఫోన్లు, ఒక ట్రైపాడ్, అరచేతిలో ఇమిడే బ్లూటూత్ స్పీకర్ ఒకటి. ఒక ఆదివారం తెల్లారకముందే ఆర్కే బీచ్‌కి పోయి నాలుగు నిమిషాల పది సెకన్ల పాట మొత్తం తీసేశాం. ఏదో సాధించినట్టు దారిలో ఆగి వేడి ఇడ్లీ తిని ఇళ్లకి పోయాం. మధ్యాహ్నం లాప్‌టాప్‌లో వేసి చూస్తే పాటగాడి ముఖం మసిబొగ్గు. పెదాలు ఒక దారి, పాట ఒక దారి. తీసిన నూట ఎనభై ముక్కల్లో పనికొచ్చేవి తొమ్మిది. ఆ తొమ్మిదిలో నాలుగు ఉత్త సముద్రం షాట్లు. సముద్రాన్ని ఎవరు తీసినా బాగానే వస్తుంది, ఆ గొప్ప మాది కాదు.

తర్వాత ఆ పాటలోంచి పల్లవి ఒక్కటే పట్టుకుని మళ్లీ మళ్లీ తీశాం. ఈసారి మీరు తీయబోతున్నారు కాబట్టి మేం పడిన క్రమంలోనే చెబుతున్నాను.

ముందు పాటని కత్తిరించండి

మొదటిసారే పూర్తి పాట జోలికి పోవద్దు. పల్లవి ఒక్కటి, నలభై సెకన్లు. పూర్తి పాటంటే రెండు చరణాలు, మధ్యలో మ్యూజిక్ బిట్లు, కనీసం మూడు చోట్లు, రెండు జతల బట్టలు. అంత పెట్టుకుంటే ఏ తప్పు ఎక్కడ పుట్టిందో ఎవరికీ తెలియదు, ఒకరి మీద ఒకరు నెట్టుకోవడంతోనే సరిపోతుంది. నలభై సెకన్లైతే శనివారం తీసి, ఆదివారం ఎడిట్ చేసి, వచ్చే శనివారం అదే మళ్లీ తీయొచ్చు. మేం ఒక పల్లవిని నాలుగుసార్లు తీశాం. నేర్చుకున్నదంతా రెండోసారికీ మూడోసారికీ మధ్య నేర్చుకున్నదే.

ఏ పాట తీయాలి? సినిమా పాట మీద తీసి యూట్యూబ్‌లో పెడితే కంటెంట్ ఐడీ అనే వ్యవస్థ పట్టేసుకుంటుంది. వీడియో మీద డబ్బేమైనా వస్తే హక్కుదారుకి పోవచ్చు, లేదంటే వీడియోనే కనపడకుండా పోవచ్చు. మీ కాలేజీలో సొంతంగా పాట కట్టుకుని పాడేవాళ్లు ఒక్కరైనా ఉంటారు, వాళ్లని అడగండి. ఒప్పుకున్నాక నాలుగు ముక్కలు వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. జానపదం కూడా మంచిదే. కాకపోతే పాట ఊరందరిదీ అయినా, ఎవరో స్టూడియోలో పాడి రికార్డు చేసిన ట్రాక్ ఊరందరిదీ అయిపోదు. మన చట్టంలో సౌండ్ రికార్డింగ్‌కి 60 ఏళ్ల హక్కు ఉంది. అమ్మమ్మ పాడే పాటైతే మీ గొంతుతో, ఒక డప్పుతో మీరే రికార్డు చేసుకోండి. ఉత్తరాంధ్రలో పుట్టి తప్పెటగుళ్ల దరువు తెలియనివాడు ఉండడు కదా. గుండెల మీద కట్టుకున్న ఆ తప్పెట్లు ఎండకి తళుక్కుమనే తీరు కెమెరా కోసమే పుట్టినట్టుంటుంది.

కాగితం మీద లెక్క కట్టండి

పాటని ఇరవైసార్లు వినండి. ఊరికే వినడం కాదు, తాళం వేస్తూ. నిమిషానికి ఎన్ని దెబ్బలు పడుతున్నాయో లెక్కపెట్టండి. మా పాటకి సరిగ్గా వంద. అంటే దెబ్బకి 0.6 సెకను. సెకనుకి 25 ఫ్రేముల (అంటే 25 బొమ్మల) లెక్కన తీస్తే దెబ్బకి 15 ఫ్రేములు. ఆదితాళం ఒక ఆవృతం ఎనిమిది దెబ్బలు, 4.8 సెకన్లు. పల్లవి ఎనిమిది ఆవృతాలు, 38.4 సెకన్లు. ఈ లెక్క చేతిలో ఉంటే "ఇక్కడ షాట్ ఎంతసేపు ఉండాలి" అనే వాదన ఉండదు. "ఒక ఆవృతం", "సగం ఆవృతం" అని మాట్లాడుకుంటారు. మీది తిశ్రంలో నడిచే జానపదమైతే మూడేసి చొప్పున లెక్కపెట్టండి, నాలుగేసి కొడితే రెండో లైనులోనే దారి తప్పుతారు.

ఇప్పుడు కాగితాన్ని మూడు నిలువు గడులు చేయండి. మొదటి దాంట్లో సెకన్లు, రెండో దాంట్లో సాహిత్యం, మూడో దాంట్లో చూపించేది. మూడో గడి నింపేటప్పుడు అందరం చేసే పొరపాటు ఒకటుంది. పాటలో "అల" అని వస్తే అల చూపిస్తాం, "కన్ను" అని వస్తే కన్ను చూపిస్తాం. చూసేవాడికి చెవి ఉంది, ఆ మాట వాడు వినేశాడు. మా పాట ఊరొదిలి పోయినవాడి గురించి. రెండోసారి తీసినప్పుడు "అల" దగ్గర అలని తీసేసి ఆర్టీసీ కాంప్లెక్స్ బయట టీ కొట్టు దగ్గర పెట్టిన సూట్‌కేసు ఒకటి చూపించాం. మొత్తం వీడియోలో అందరికీ గుర్తున్న షాట్ అదే.

పన్నెండు నుంచి పదిహేను షాట్లు చాలు. ప్రతిదానికీ నంబరు వేయండి.

చోటు చూసేటప్పుడు సూర్యుణ్ని చూడండి

వైజాగ్‌లో తీసేవాళ్లు మిగతా అన్నీ మర్చిపోయినా ఇది మర్చిపోకూడదు: మన సముద్రం తూర్పున ఉంది. మేం బోల్తా పడింది ఇక్కడే. పొద్దున్నే వెలుగు బంగారంలా ఉంటుందని ఎక్కడో విని, తెల్లవారుజామున పాటగాణ్ని సముద్రం ముందు నిలబెట్టాం. సూర్యుడు వాడి వీపు వెనకాల ఉన్నాడు. ఫోన్ ఆకాశాన్ని చూసి వెలుగు తగ్గించేసింది, ముఖం నల్లగా పోయింది.

పొద్దున తీస్తే రెండే దారులు. ఒకటి, ముఖం కనపడకపోయినా ఫర్వాలేదు, నల్లటి ఆకారం చాలు అనుకుని తీయడం. నడిచే షాట్లకి, డాన్సు షాట్లకి అది అందంగా ఉంటుంది. రెండు, మనిషిని సముద్రం వైపు తిప్పి, కెమెరా నీళ్ల వైపు నుంచి పట్టుకోవడం. అప్పుడు వెలుగు ముఖం మీద పడుతుంది, వెనకాల కొండో, పడవలో, బీచ్ రోడ్డో వస్తుంది. లేదు, సముద్రమే వెనకాల కావాలి, ముఖమూ కనపడాలి అంటే సాయంత్రం రండి. సూర్యుడు ఊరి వైపు ఉంటాడు. బీచ్ రోడ్డు మేడల నీడ ఇసక మీదికి పాకేముందు కాసేపు, పాకాక ఇంకాసేపు, మెత్తటి వెలుగు దొరుకుతుంది. ఆ నీడ ఏ గంటకి ఎక్కడిదాకా వస్తుందో ముందు రోజు వెళ్లి చూసి రాసుకోండి.

సముద్రంలో సూర్యుడు మునగడం మాత్రం మన బీచ్‌లో దొరకదు, దానికి అరేబియా సముద్రం దాకా పోవాలి. మాలో ఒకడు తెలివిగా సూర్యోదయం షాట్‌ని వెనక్కి నడిపించి సాయంత్రంలా చూపిద్దామన్నాడు. సూర్యుడు బుద్ధిగానే మునిగాడు. అలలు కూడా ఒడ్డు మీంచి వెనక్కి వెళ్లిపోయాయి.

జూన్ మొదట్లో ఇక్కడ ఐదున్నర కాకముందే సూర్యుడు వచ్చేస్తాడు, జనవరిలో ఆరున్నర అవుతుంది. అందరినీ గంట ముందు పిలవండి. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి జోరందుకుంటుంది. జుట్టు, పైట, ట్రైపాడ్, వెలుగు కోసం తెచ్చిన థర్మాకోల్ షీటు అన్నీ ఎగురుతాయి. ఆ షీటుని ముఖం మీదికి వెలుగు తిప్పడానికి వాడతారు కదా, దాన్ని పట్టుకోవడానికి ఒక మనిషిని కేటాయించాల్సిందే. రాయి పెట్టి ఊరుకుంటే మాదాని లాగా జాలరిపేట దాకా ప్రయాణిస్తుంది.

పడవలు కావాలనుకుంటే ఒక కబురు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజన్ ఉన్న పడవలకి సముద్రంలో వేట నిషేధం. ఆ రోజుల్లో చాలా పడవలు ఒడ్డునే ఉంటాయి, వెనకాల వరసగా కావాలంటే అదే అదను. మిగతా రోజుల్లో పొద్దున్న వేళ అక్కడ పని జోరుగా ఉంటుంది, అడ్డం పడకండి. వల బాగుచేసుకునే మనిషిని అడక్కుండా తీయకండి. మేం అడిగితే ఒక పెద్దాయన నవ్వి, "ఏటి బాబూ, సినిమావా? మా పడవ పేరు పడేలా తియ్యండి మరి" అన్నాడు. తీశాం. ఫోన్‌లో చూపించాక ఇంకో పడవ మీద ఎక్కి నిలబడమని ఆయనే పిలిచాడు.

అనుమతులు, అలలు

ఇది నేవీ ఊరు. హార్బరు, డాల్ఫిన్ నోస్ కొండ వైపు ఎక్కడ "ఫోటోలు నిషేధం" అని బోర్డు కనపడినా ఫోన్ జేబులో పెట్టేయండి. డ్రోన్ ఆలోచన ప్రాక్టీసు వీడియోకి వద్దే వద్దు. ఊళ్లో రన్‌వే కూడా నేవీదే, తేలిగ్గా వదలరు. తొట్లకొండ, బావికొండ లాంటి బౌద్ధ క్షేత్రాల్లో, పార్కుల్లో ట్రైపాడ్ నిలబెట్టేముందు గేటు దగ్గర అడగండి. చేత్తో ఫోన్ పట్టుకుంటే ఊరుకునే మనిషి ట్రైపాడ్ చూడగానే "షూటింగా, పర్మిషన్ ఏది?" అంటాడు. మీ లెక్చరర్ సంతకంతో, కాలేజీ ముద్రతో ఒక ఉత్తరం దగ్గర ఉంచుకుంటే సగం మాటలు మిగులుతాయి.

నీళ్లలోకి దిగే షాటు రాసుకోకండి. రాసుకున్నా కొట్టేయండి. ఆర్కే బీచ్‌లో, యారాడలో మోకాలి లోతు అనుకున్నచోట ఒక్క అల కాలికింది ఇసకని లాగేస్తుంది. కెమెరా పట్టినవాడి కన్ను తెర మీద ఉంటుంది, వెనక నుంచి వచ్చే అల వాడికి కనపడదు. వాడి భుజం మీద చెయ్యి వేసి సముద్రాన్నే చూస్తూ నిలబడే మనిషి ఒకరు ఉండాలి. తెన్నేటి పార్కు కింది రాళ్లలాంటి చోట్ల ఆటుపోట్ల వేళలు కూడా చూసుకోండి. ఏడింటికి పొడిగా ఉన్న రాయి తొమ్మిదింటికి నీళ్లలో ఉంటుంది. ప్రమాదం సంగతి అటుంచి, రెండు షాట్లు పక్కపక్కన పెడితే అతకవు.

స్పీకర్ ఎక్కడ పెట్టాలి

మా పెదాల గొడవ ఎక్కడ పుట్టిందో కనిపెట్టడానికి రెండు వారాలు పట్టింది. స్పీకర్‌ని కెమెరా పక్కన పెట్టాం. పాటగాడు దూరంగా, నలభై అడుగులు వేస్తే చేరేంత దూరంలో, అంటే ముప్పై మీటర్ల పైచిలుకు. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు నడుస్తుంది. వాడి చెవికి పాట చేరేసరికి సెకనులో పదో వంతు ఆలస్యం, అంటే రెండున్నర ఫ్రేములు. వాడు విన్నదానికి సరిగ్గానే పాడాడు పాపం, మాకే ఆలస్యంగా కనపడింది.

అందుకని స్పీకర్ పాడేవాడి కాళ్ల దగ్గర, ఫ్రేముకి కాస్త బయట ఉండాలి. వాడి నడుం పైనుంచి తీస్తుంటే ఇంకా సుఖం. దూరం నుంచి తీసే షాట్లలో అప్పుడు తప్పు తిరగబడుతుంది: కెమెరాకి పాట ఆలస్యంగా వినపడుతుంది. ఎడిటింగులో కెమెరా శబ్దాన్ని బట్టి అతికిస్తే పెదాలు ముందే కదిలినట్టుంటాయి. ఆ షాట్లని మాత్రం కంటితో చూసి రెండు మూడు ఫ్రేములు జరపండి. "మ", "ప", "బ" దగ్గర పెదాలు మూసుకుంటాయి, అక్కడ చూసి అతికిస్తే తప్పు జరగదు.

ఇయర్ బడ్స్ పెట్టుకుని పాడించే ఆలోచన మాకూ వచ్చింది. లాసన్స్ బే కాలనీలో ఒక వీధిలో తీస్తూ, జనాన్ని విసిగించకూడదని అలాగే చేశాం. కెమెరాలో పాట ఒక్క ముక్క కూడా పడలేదు. ఏ టేకు ఏ లైనో వెతుక్కుంటూ రెండు రాత్రులు గడిచాయి. కెమెరాకి పాట వినపడి తీరాలి. ఆ శబ్దం చివరి వీడియోలో ఉండదు, గాలి రొద ఉన్నా ఫర్వాలేదు, అతుకుకి గుర్తు అదే.

ప్లేబ్యాక్ ఫైలుని, అంటే షూటింగులో స్పీకర్లో వినిపించే పాటని, ముందే తయారుచేసుకోండి. పాట మొదలవడానికి ముందు తాళానికి సరిపడా నాలుగు టిక్కులు వేయండి. అవి లేకపోతే మొదటి మాట ఎప్పుడు అందుకోవాలో తెలియక ప్రతి టేకులోనూ వాడు సగం నోరు తెరిచి నిలబడతాడు. ఫైలు ఫోన్‌లోనే ఉండాలి. నెట్‌లోంచి పెడితే మంచి టేకు నడుమ ఫేస్‌వాష్ ప్రకటన వస్తుంది. మాకు వచ్చింది, మూడుసార్లు.

పాడేవాళ్లు ఉత్తుత్తిగా పెదాలు ఆడించకూడదు, గొంతెత్తి పాడాలి. మెడ నరం కదలాలి, ఊపిరి తీయడం కనపడాలి. బీచ్‌లో జనం చూస్తున్నారని సిగ్గుపడి గొణిగితే తెర మీద అబద్ధం ఇట్టే తెలిసిపోతుంది. స్పీకర్ శబ్దం పెంచండి, వాడి గొంతు వాడికే వినపడకపోతే సిగ్గు పోతుంది.

ఫోన్‌లో చూసుకోవాల్సినవి

ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. తెర మీద ముఖం దగ్గర వేలితో నొక్కి పట్టి ఫోకసూ వెలుగూ లాక్ చేయండి, లేకపోతే ప్రతి అలకీ వెలుగు మారిపోతుంది. వీడియో నాణ్యత 1080పీ చాలు. మే ఎండలో 4కే పెడితే ఫోన్ వేడెక్కి ఆగిపోతుంది. ఫైలు బరువు కూడా తక్కువ: 1080పీ 30 ఫ్రేముల్లో చాలా ఫోన్లలో నిమిషానికి 60 నుంచి 130 ఎంబీ అవుతుంది.

ట్యూబ్‌లైట్ల కింద తీస్తే చారలు పాకుతుంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ (ఒక్కో ఫ్రేముకి వెలుగు పడే సమయం) సెకనులో 1/50 గానీ 1/100 గానీ పెట్టండి, పోతాయి. ఫోన్ కెమెరాలో ఆ వీలు లేకపోతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా లాంటి ఉచిత యాప్ వేసుకోండి. దాంతో ఇంకో లాభం ఉంది. మామూలు ఫోన్ కెమెరా వెలుగును బట్టి సెకనుకి ఫ్రేముల సంఖ్యను తనిష్టం వచ్చినట్టు మారుస్తుంది. మొదట్లో సరిగ్గా ఉన్న పెదాలు ముప్పయ్యో సెకనుకి జారిపోతాయి. ఇప్పటికే అలా తీసేసి ఉంటే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో వేసి స్థిరమైన ఫ్రేమ్ రేటుకి మార్చుకున్నాకే ఎడిటింగులోకి తీసుకోండి.

ఏసీ గదిలోంచి, ఏసీ కారులోంచి నేరుగా బీచ్‌కి దిగితే లెన్సు మీద మంచు పట్టినట్టవుతుంది. మన ఊరి ఉక్కపోత అలాంటిది. పావుగంట ఫోన్‌ని సంచిలో అలాగే ఉంచండి. ఉప్పు తుంపర కూడా లెన్సు మీద సన్నటి పొరలా పేరుకుంటుంది, టేకు టేకుకీ మెత్తటి గుడ్డతో తుడవండి. చొక్కా అంచుతో కాదు, అందులో ఇసక ఉంటుంది.

తీసే వరస

కాగితం మీద 1, 2, 3 అని ఉంది కదా అని ఆ వరసలో తీయకండి. ముందు పల్లవి మొత్తం దూరం నుంచి ఆపకుండా రెండు టేకులు. తర్వాత నడుం దాకా రెండు. తర్వాత దగ్గరగా ముఖం, రెండు. ఈ ఆరు టేకులు చేతిలో పడ్డాక వాన వచ్చినా, పోలీసు వచ్చినా వీడియో ఉన్నట్టే. ఆ తర్వాత మిగతావి: చేతులు, చెప్పులు, సూట్‌కేసు, పడవ అంచు, కుక్క. తీస్తున్నప్పుడు ఒకరు ప్రతి టేకుకీ నంబరు చెప్పి చప్పట్లు కొట్టాలి, ఆ చప్పట్లు కెమెరాకి కనపడాలి.

స్లో మోషన్‌లో పాడుతున్నట్టు చూపించే కిటుకు కూడా ప్రయత్నించండి, సరదాగా ఉంటుంది. సెకనుకి 50 ఫ్రేముల్లో తీస్తూ పాటని రెట్టింపు వేగంతో పెట్టి పాడించాలి. ఎడిటింగులో సగానికి నెమ్మదిస్తే పెదాలు పాటకి అతుకుతాయి, జుట్టూ అలలూ మాత్రం గాల్లో తేలుతున్నట్టుంటాయి. వంద దెబ్బల పాట రెండొందలు అయ్యేసరికి మావాడు రెండో మాటకే తడబడ్డాడు. ఒక్క లైనుకి మించి పెట్టుకోకండి. ఆ లైను ముందు రోజు ఇంట్లో బట్టీ పట్టించండి.

ఎడిటింగు

ఇంటికి రాగానే, స్నానానికి ముందే, ఫైళ్లన్నీ రెండు చోట్ల కాపీ చేయండి. డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది, నేర్చుకోవడానికి చాలు. అసలు పాటని టైమ్‌లైన్ మీద పెట్టి తాళం పడే ప్రతిచోటా గుర్తు వేయండి. దూరం నుంచి తీసిన మంచి టేకుని కింద మొత్తం పరిచేయండి. ఇప్పుడు మీ దగ్గర పూర్తి వీడియో ఒకటి ఉన్నట్టే. దాని మీద మిగతావి ఒక్కొక్కటే వేస్తూ పోండి.

ప్రతి దెబ్బకీ షాట్ మార్చాలని చెయ్యి దురద పెడుతుంది. మా మొదటి ఎడిట్‌లో నలభై సెకన్లకి అరవై ముక్కలు. మా అమ్మ చూసి "కళ్లు తిరుగుతున్నాయిరా" అంది, అంతకు మించిన విమర్శ మాకెక్కడా దొరకలేదు. నాలుగో ఎడిట్‌లో పదిహేడు ముక్కలు మిగిలాయి. కొన్నిచోట్ల మాట పూర్తికాకముందు, దెబ్బకి రెండు ఫ్రేములు ముందుగా మారిస్తే దెబ్బ మీద మార్చినదానికన్నా ఒద్దికగా కూర్చుంది. ముఖం బాగా పలికిన చోట అసలు మార్చకండి. ఒక ఆవృతం మొత్తం ఆ ముఖమే ఉండనివ్వండి.

తర్వాత శబ్దం పూర్తిగా ఆపి ఒకసారి చూడండి, బొమ్మలో ఎక్కడ విసుగు పుడుతుందో తెలుస్తుంది. బొమ్మ ఆపి ఒకసారి వినండి, పాటలో ఏ వాయిద్యానికి మీరు చోటివ్వలేదో తెలుస్తుంది. మా పాటలో వేణువు ఒకటుంది, మూడు ఎడిట్లదాకా మాలో ఎవరికీ దాని ఊసే లేదు.

చూపించేటప్పుడు షూటింగుకి రానివాళ్లకి చూపించండి. వచ్చినవాళ్లకి ప్రతి షాటు వెనకా పడిన పాట్లు గుర్తొస్తాయి, తీసెయ్యమనడానికి మనసొప్పదు. చూసేవాళ్లు ఏదైనా చెబుతుంటే "అక్కడ గాలి ఎక్కువుంది" అని మొదలుపెట్టకండి, రాసుకోండి. ఆ కాగితమే వచ్చే శనివారానికి షాట్ల పట్టిక. మా రెండో పట్టికలో మొదటి లైను ఇప్పటికీ నా ఫోన్‌లో ఫోటోగా ఉంది: "స్పీకర్ ఛార్జింగ్ పెట్టినవాడే తీసుకురావాలి."